నాయకుడి మీద కార్టూన్ వేస్తే దేశద్రోహమా? ఆ ఫార్వర్డ్‌లోని ఒక్కో మాటకు జవాబు

ప్రధాని మీద ఘాటైన కార్టూన్ వచ్చి గొడవ రేగిన ప్రతిసారీ ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇది: "ప్రధాని, రాష్ట్రపతి వంటి జాతీయ నాయకులను కించపరుస్తూ కార్టూన్ వేయడం దేశద్రోహం. ఫార్వర్డ్ చేసినా ఐటీ చట్టం 66ఏ కింద మూడేళ్ల జైలు. వారెంట్ లేకుండానే అరెస్టు చేస్తారు. గ్రూప్ అడ్మిన్ కూడా ముద్దాయే. నెహ్రూ, అంబేడ్కర్ కార్టూన్‌ను పార్లమెంటే నిషేధించింది."

ఇందులో ఉన్నవి ఐదు మాటలు. నాలుగు తప్పు, ఒకటి సగం నిజం. ఆ సగం నిజంతోనే మనుషులకు నిజమైన ఇబ్బంది వస్తోంది కాబట్టి దానికి ఎక్కువ చోటిస్తాం.

ముందు దేశద్రోహం సంగతి. పాత ఐపీసీలో రాజద్రోహం సెక్షన్ 124ఏ ఉన్నప్పుడే ఈ మాట నిలవలేదు. హింసకు లేదా శాంతిభద్రతల భంగానికి పురికొల్పితేనే ఆ సెక్షన్ వర్తిస్తుందనీ, ప్రభుత్వాన్ని ఎంత కటువుగా విమర్శించినా అది నేరం కాదనీ సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో తేల్చింది. ప్రధాని ఓట్ల కోసం మరణాలనూ ఉగ్రదాడులనూ వాడుకున్నారన్న వ్యాఖ్య మీద జర్నలిస్టు వినోద్ దువాపై పెట్టిన కేసును 2021 జూన్ 3న సుప్రీంకోర్టు ఈ తీర్పు ఆధారంగానే కొట్టేసింది. కార్టూన్‌కే సంబంధించిన తీర్పూ ఉంది. 2012 సెప్టెంబరులో ముంబైలో కార్టూనిస్టు అసీమ్ త్రివేదిని రాజద్రోహం కింద అరెస్టు చేశారు. ఆ కార్టూన్లలో హాస్యం లేదు, కోపమే ఉంది అని బాంబే హైకోర్టు 2015 మార్చిలో అభిప్రాయపడింది. అయినా అది రాజద్రోహం కాదంది. ఈ తీర్పులో మనం గుర్తుపెట్టుకోవలసింది ఇదే. కార్టూన్ బాగుందా, నవ్వొచ్చిందా, మర్యాదగా ఉందా అన్నది కోర్టు ముందున్న ప్రశ్న కాదు. హింసకు పిలుపు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

2022 మే 11న సుప్రీంకోర్టు 124ఏను పక్కన పెట్టమంది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రావడంతో ఆ సెక్షనే పోయింది. దాని స్థానంలో 152 వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తేడా కనిపిస్తుంది. పాతదాంట్లో "ప్రభుత్వం" మీద ద్వేషం, ధిక్కారం, వైముఖ్యం రేపడం నేరం. కొత్తదాంట్లో వేర్పాటును, సాయుధ తిరుగుబాటును, విధ్వంసక చర్యలను రెచ్చగొట్టడం, దేశ సార్వభౌమత్వాన్నీ సమగ్రతనూ ప్రమాదంలో పడేయడం నేరం. ప్రభుత్వ చర్యలు నచ్చలేదని, చట్టబద్ధంగా వాటిని మార్పించాలని చేసే వ్యాఖ్యల గురించి వివరణ కూడా కిందే ఉంది. ప్రధాని ముక్కు పొడుగ్గా గీస్తే దేశ సమగ్రతకు ప్రమాదం రాదు.

అయితే 152 మాట ఎఫ్‌ఐఆర్‌లో చేరితే మాత్రం ప్రమాదమే. దాని శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది. ఏడేళ్ల వరకూ శిక్ష పడే కేసుల్లో దొరికే రక్షణలు దీనికి దొరకవు. అందుకే ఎఫ్‌ఐఆర్ ప్రతి చేతికి రాగానే మొదట చూడవలసింది ఏయే సెక్షన్లు వేశారన్నది.

"జాతీయ నాయకులను కించపరచడం" అన్న నేరమే మన చట్టాల్లో లేదు. భావప్రకటన స్వేచ్ఛకు పరిమితులు పెట్టే రాజ్యాంగంలోని 19(2) అధికరణంలో ఎనిమిది కారణాలు ఉన్నాయి: దేశ సార్వభౌమత్వ సమగ్రతలు, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపణ. నాయకుడి గౌరవం ఆ జాబితాలో లేదు. జాతి గౌరవానికి అవమానాల నిరోధక చట్టం, 1971 అన్న పేరు చూసి చాలామంది పొరబడతారు. అది జెండా, రాజ్యాంగం, జాతీయ గీతం గురించి. మనుషుల గురించి కాదు. ఎమర్జెన్సీ నడుస్తుండగా, 1975 డిసెంబరులో, రాష్ట్రపతి స్నానాల తొట్టిలో పడుకునే ఆర్డినెన్సుల మీద సంతకాలు పెడుతున్నట్టు అబూ అబ్రహాం వేసిన కార్టూన్ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అచ్చయింది. ఈ రోజు గొడవ చేస్తున్నవారు ఒకసారి దాన్ని చూడాలి.

గీసేవారికి ఇక్కడ ఒక జాగ్రత్త. నాయకుడిని ఎలాగైనా గీయొచ్చు కానీ జెండానూ మూడు సింహాల చిహ్నాన్నీ మార్చి గీస్తే విషయం వేరే చట్టంలోకి పోతుంది. అసీమ్ త్రివేది మీద రాజద్రోహంతో పాటు మిగతా సెక్షన్లు పడింది అందుకే. ప్రధాని బొమ్మను వ్యాపారానికి వాడటం మీద 1950 నాటి చట్టమొకటి ఉంది. అది టీషర్టులు, ప్రకటనల వంటి వాటి సంగతి, వ్యాఖ్యకు అడ్డం కాదు.

పరువునష్టం ఉంది కదా అంటారు. ఉంది, న్యాయ సంహితలోని 356వ సెక్షన్. రెండేళ్ల వరకూ సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. కానీ దానికి పోలీసులు నేరుగా కేసు కట్టలేరు. నష్టపోయిన వ్యక్తే కోర్టుకు వెళ్లాలి. ప్రధాని, మంత్రి వంటి వారి అధికారిక విధులకు సంబంధించినదైతే ప్రభుత్వ అనుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆరు నెలల్లోపు సెషన్స్ కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. "నాయకుడి అభిమానిని, నా మనసు గాయపడింది" అని ఎవరో స్టేషన్‌కు వెళ్తే పరువునష్టం కేసు పుట్టదు. పైగా ప్రజాసేవకుడి అధికారిక ప్రవర్తన మీద సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం నేరం కాదని ఆ సెక్షన్ మినహాయింపుల్లోనే ఉంది.

66ఏ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని పూర్తిగా కొట్టేసింది. తర్వాత కూడా స్టేషన్లలో దాని కింద కేసులు కడుతున్నారని తెలిసి, ఎవరినీ దాని కింద విచారించకూడదని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశించింది. మీ ఎఫ్‌ఐఆర్‌లో 66ఏ కనిపిస్తే ఆ ఒక్క సెక్షన్ వరకూ కేసు లేనట్టే.

ఇక సగం నిజం: వారెంట్ లేని అరెస్టు.

కార్టూన్ల మీద పోలీసులు నిజంగా వాడే సెక్షన్లు న్యాయ సంహితలోని 196, 299, 353. వర్గాల మధ్య వైరం పెంచడం, మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడం, అల్లర్లకు దారితీసే ప్రకటనలు. సాధారణంగా వీటికి శిక్ష మూడేళ్ల వరకు. 196, 299 కింద పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయగలరు కూడా. మెసేజ్ చెప్పే నిజం ఇక్కడితో ఆగుతుంది. అరెస్టు చేయగలగడం వేరు, చేయాల్సి రావడం వేరు. ఏడేళ్ల వరకూ శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో రాతపూర్వకంగా చూపాలని, లేకపోతే నోటీసు ఇచ్చి విచారణకు పిలవాలని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. ఆ నోటీసు ఇప్పుడు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 35(3). నోటీసుకు హాజరవుతున్నంత కాలం, కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది. చాలామంది చేసే తప్పు ఇదే: భయపడి ఫోన్ ఆపేసి ఊరు మారతారు, దాంతో అరెస్టుకు కారణం తామే ఇచ్చినవారవుతారు. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాగితం మీద తీసుకోండి, అందుకున్న తేదీ, సమయం వేసి సంతకం పెట్టండి, ప్రతి దగ్గర ఉంచుకోండి.

అంతకు ముందు మెట్టు ఒకటుంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపి అసలు కేసు ఉందో లేదో తేల్చవచ్చని అదే సంహితలోని 173(3) చెబుతుంది. మాట, రాత, బొమ్మ మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఈ విచారణ చేయడమే సబబని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ మాటల ప్రభావాన్ని దృఢమైన మనసున్న మామూలు మనిషి దృష్టితో కొలవాలి, ప్రతి విమర్శకూ ఉలిక్కిపడేవారి దృష్టితో కాదు అనీ చెప్పింది. విచారణాధికారికి ఇచ్చే జవాబులో ఈ తీర్పు పేరు, తేదీ రాయండి.

196 నిలవాలంటే రెండు వర్గాలు ఉండాలి. హైదరాబాద్ నుంచి వెళ్లిన బిలాల్ అహ్మద్ కాలూ కేసులో సుప్రీంకోర్టు 1997లో చెప్పింది ఇదే. ఒక నాయకుడు, ఆయన్ని చూసి నవ్వే ఓటరు రెండు వర్గాలు కారు. ఇంకా, 196, 299 వంటి వాటిలో ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా కోర్టు కేసును విచారణకు స్వీకరించకూడదు. ఎఫ్‌ఐఆర్‌కు ఆ అనుమతి అక్కర్లేదు కానీ, చార్జిషీటుతో పాటు ఆ పత్రం ఉందో లేదో లాయరు చూడాలి.

కేసు ఎక్కడ బలపడుతుందో కూడా చెప్పాలి. నాయకుడి పక్కన దేవుణ్ని తెచ్చినప్పుడు. ఇందోర్‌కు చెందిన ఒక కార్టూనిస్టు 2021లో వేసిన బొమ్మకు 2025లో మరొకరు వ్యాఖ్య జోడించి పెడితే, ఆయన దాన్ని మళ్లీ పంచుకున్నారు. ఆ పోస్టులో శివుడి ప్రస్తావన ఉండటంతో 299 పడింది. మధ్యప్రదేశ్ హైకోర్టు ముందస్తు బెయిల్ నిరాకరించింది. సుప్రీంకోర్టు జూలైలో రక్షణ ఇచ్చింది కానీ, ఆయన క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. బొమ్మ మీరు గీసినదే అయినా, దానికి తగిలించిన వ్యాఖ్య ఎవరిదో, అందులో ఏముందో చదవకుండా షేర్ చేయవద్దు. అశ్లీలంగా గీస్తే ఐటీ చట్టం 67, 67ఏ వర్తిస్తాయి. అక్కడ వ్యంగ్యం అన్న వాదన పెద్దగా నిలవదు.

ఫోన్ తీసుకుంటే? స్వాధీనం మొత్తాన్ని వీడియో తీయాలని సురక్షా సంహితలోని 105వ సెక్షన్ చెబుతుంది. పంచనామాలో ఐఎంఈఐ నంబరు, మెమొరీ హ్యాష్ విలువ (ఫోన్‌లోని డేటాకు వేలిముద్ర లాంటి సంఖ్య) రాయించండి. హ్యాష్ లేకపోతే తర్వాత ఫోన్‌లో ఏమి చేరిందో, ఏమి పోయిందో నిరూపించడం కష్టం. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, అరెస్టు కారణాలు చెప్పాలి.

ఇన్ని రక్షణలున్నా శిక్షలాంటిది విచారణే. మమతా బెనర్జీ మీద కార్టూన్ ఫార్వర్డ్ చేశారని 2012 ఏప్రిల్‌లో అరెస్టయిన జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌కు కేసు నుంచి విముక్తి దొరికింది 2023 జనవరిలో. మధ్యలో 66ఏ రద్దయి ఏడేళ్లు దాటింది.

అడ్మిన్ సంగతి చిన్నది. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మిన్ తానే పెట్టినా, ముందే మాట్లాడుకుని పెట్టించినా లెక్క వేరు.

పార్లమెంటు నిషేధించిందన్నది పొరపాటు. రాజ్యాంగ రచన నత్త నడక నడుస్తోందని కార్టూనిస్టు శంకర్ 1949లో వేసిన కార్టూన్ అది. నత్త మీద అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ. 2006 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలో ఉండేది. 2012 మేలో పార్లమెంటులో గొడవ జరిగాక మంత్రి కపిల్ సిబల్ దాన్ని పుస్తకం నుంచి తీసేస్తామన్నారు. సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. జరిగింది పాఠ్యపుస్తకం మార్పు మాత్రమే. దళిత నాయకుడి వెనక కొరడా పట్టిన బొమ్మను తరగతి గదిలో పిల్లలు ఎలా చూస్తారన్న అభ్యంతరం తేలిగ్గా తోసేయదగ్గది కాదు. కానీ అది బోధన గురించిన చర్చ, నేరం గురించినది కాదు. ముద్రిత ప్రచురణను నిజంగా జప్తు చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వం కారణాలతో నోటిఫికేషన్ ఇవ్వాలి. దాన్ని రెండు నెలల్లో హైకోర్టులో సవాలు చేయవచ్చు. ఆ శంకర్‌కే ప్రభుత్వం 1976లో పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఆ మెసేజ్ ప్రస్తావించని ప్రమాదం ఒకటుంది: ఐటీ చట్టం 69ఏ. దీని కింద అరెస్టు ఉండదు, ప్రభుత్వ ఉత్తర్వుతో బొమ్మ ఆన్‌లైన్‌లో కనిపించకుండా పోతుంది. 2009 నిబంధనల ప్రకారం పెట్టినవారికి నోటీసు ఇచ్చి, జవాబుకు కనీసం 48 గంటలు ఇవ్వాలి. అత్యవసరం అంటే ముందే ఆపేసి, 48 గంటల్లో కమిటీ ముందు పెట్టాలి. ఉత్తర్వులు రహస్యం కాబట్టి కారణం చాలాసార్లు బయటికే రాదు. 2025 ఫిబ్రవరిలో, ట్రంప్ పక్కన సంకెళ్లతో మోదీ కూర్చున్నట్టు కార్టూన్ వేసిన తమిళ పత్రిక వికటన్ వెబ్‌సైట్ మొత్తం ఆగిపోయింది. ఒక్క పేజీ కోసం సైటంతా. మద్రాస్ హైకోర్టు మార్చిలో సైట్ తెరిపించింది, ఆ కార్టూన్ పేజీని తాత్కాలికంగా తీసేయాలన్న షరతుతో. మీ పోస్టు మాయమైతే ప్లాట్‌ఫామ్ పంపిన ఈమెయిల్‌ను తేదీతో సహా దాచండి, ఉత్తర్వు ప్రతి ఇవ్వాలని రాతపూర్వకంగా అడగండి, రాకపోతే ఆ లేఖ జత చేసి హైకోర్టులో రిట్ వేయండి.