ఐదో ప్రమాణం: మా తాత

జ్ఞానం కలగడానికి దారులు, అంటే ప్రమాణాలు, నాలుగేనని తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాల్లో గౌతముడు తేల్చేశాడు. ప్రత్యక్షం అంటే కళ్ళారా చూసింది, అనుమానం అంటే గుర్తును బట్టి ఊహించింది, ఉపమానం అంటే పోలికతో తెలిసింది, శబ్దం అంటే నమ్మదగినవాళ్ళు చెప్పింది. వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకులు వచ్చి ఇంకో రెండు తగిలించారు గానీ ఆ తగాదా మనకొద్దు. ఇన్ని వందల ఏళ్ళు ఇంతమంది పండితులు కూర్చుని వాదించుకున్నా తట్టని ప్రమాణం ఒకటి మిగిలిపోయింది. దాన్ని కనిపెట్టిన ఘనత తిరుపతి టీ అంగళ్ళది. దాని పేరు ‘మా తాత’.

ప్రత్యక్షానికి కళ్ళు కావాలి. అనుమానానికి హేతువు కావాలి. మా తాతకు గొంతుంటే చాలు. సాక్షిని పిలిచి అడ్డప్రశ్నలు వేయడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే సాక్షి పోయి చానా కాలమైంది. పోయినాయన్ని అనుమానించడం మన సంప్రదాయం కాదు.

లీలామహల్ సర్కిల్ దగ్గర ఏదో ఒక సాయంత్రం తీసుకుందాం. ఏ సాయంత్రమైనా ఒకటే. ఇంజనీరింగు చదివే పిల్లోడొకడు పక్క బెంచీ మీది పెద్దాయనతో, “బీడీలు మానేయ్ మామా, ఊపిరితిత్తులు పాడవతాయి” అని నోరు జారాడు.

“మా తాత దినానికి రెండు కట్టలు కాల్చినాడబ్బా. తొంభై రెండేండ్లు బతికినాడు. పోయిన దినం గూడా రెండు కాల్చినాకే పోయినాడు.”

“మీ తాతది బీడీనే. మా తాత చుట్టలు” అన్నాడు రిటైరైన కండక్టరు. “తొంభై ఆరు. కండ్లద్దాలు గూడా లేవు.”

“మా జేజినాయన చుట్టా, సారాయి, రెండూ. నూట ఒకటి.”

వేలంపాట మొదలైంది. నూట ఒకటి ఒకటోసారి, నూట ఒకటి రెండోసారి అనేలోపు, టీ గ్లాసులు కడిగే ఆయన నూట నాలుగేండ్ల తాతను బరిలోకి దించాడు. ఆ తాత పొగాకు నమిలేవాడు, మింగేవాడు కూడా. ఆ లెక్కన జిల్లాలో మనుషులు సగటున నూరేళ్ళు దాటి బతికేవాళ్ళనీ, పొగాకు అందక మధ్యలో కొందరు అకాలంగా పోయారనీ అర్థమైంది.

పిల్లోడు తగ్గలేదు. 1951లో బ్రిటన్‌లో డాక్టర్ల మీదనే ఒక అధ్యయనం మొదలుపెట్టి యాభై ఏళ్ళు లెక్క రాశారనీ, సిగరెట్ మానకుండా తాగినవాళ్ళు తాగనివాళ్ళకంటే సగటున పదేళ్ళు ముందే పోయారనీ చెప్పాడు.

“వాళ్ళు చలిదేశమోళ్ళు. మా తాత సంగటి తిన్న ఒళ్ళు.”

పొగాకుకు హాని లేదన్న మాట అక్కడితో పోయింది, సంగటి తిన్నవాళ్ళకు హాని లేదన్నది దాని కుర్చీలో కూర్చుంది. ఓడిపోతున్నప్పుడు ప్రతిజ్ఞను, అంటే తాను నిరూపిస్తానన్న మాటను, గుట్టుగా మార్చేయడం ప్రతిజ్ఞాంతరం. వాదంలో ఓడినట్టు లెక్కగట్టే నిగ్రహస్థానాలు గౌతముడు 22 చెప్పాడు, వాటిలో ఇదొకటి.

“నీ బైకు పొగ కంటేనా నా బీడీ పొగ?” ఇది ఇంకొకటి, మతానుజ్ఞ. నా తప్పు తప్పేగానీ నీదీ తప్పేనని ఎదురు నిందతో తప్పించుకోవడం.

“నువ్వేమన్నా డాక్టరువా?” దీనికి నిగ్రహస్థానమెందుకు, ఆ నోటితోనే డాక్టర్ల లెక్కను సంగటితో కొట్టేసి నిమిషం కాలేదు.

చివరికి బ్రహ్మాస్త్రం పడింది. “అంటే, మా తాత అబద్ధమని అంటా ఉండావా?”

పిల్లోడు ఆ మాట అనలేదు. ఎవరూ అనలేదు. అయినా బెంచీలన్నీ పిల్లోడివైపు తిరిగాయి. పరాయివాళ్ళ తాతను అవమానించిన నేరానికి అందరి టీ డబ్బులూ వాడే ఇచ్చుకున్నాడు.

ఆ బెంచీ మీద ఎవరికీ తట్టని చిన్న సంగతి ఒకటుంది. ‘మా తాత’ అనే పదవికి ఒక అర్హత పరీక్ష ఉంది. మనవడు పుట్టి, మాటలు నేర్చి, తాత బీడీ కాల్చడం కళ్ళారా చూసి గుర్తు పెట్టుకునేదాకా ఆయన బతికుండాలి. నలభై ఎనిమిదేళ్ళకే దగ్గి దగ్గి పోయినాయన ఆ పరీక్ష తప్పాడు. ఆయన గురించి గొప్పగా చెప్పే మనవడు టీ అంగట్లో లేడు, ఆయన ఇంటి గోడ మీద ఫోటో మాత్రం ఉంటుంది. పోయినవాళ్ళను ముందే బయట నిలబెట్టి, లోపల మిగిలిన ముసలాళ్ళను చూపించి, చూశారా అందరూ బతికారు అంటే దాన్ని లెక్క అనరు.

తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. గౌతముడి న్యాయశాస్త్రం అక్కడ పాఠమే. ‘కొండ మీద నిప్పుంది, పొగ కనిపిస్తోంది గనుక’ అన్నది అక్కడ చేరినవాళ్ళు మొదట నేర్చుకునే అనుమానం. ఎండాకాలంలో శేషాచలం వైపు చూస్తే పుస్తకం కూడా అక్కర్లేదు. ఆ చిన్న మాట నిలబడాలన్నా రెండు ఉదాహరణలు అడుగుతారు. పొగా నిప్పూ రెండూ ఉన్న చోటు వంటిల్లు. నిప్పు లేదు గనుక పొగా లేని చోటు మడుగు. మొదటిది అన్వయం, రెండోది వ్యతిరేకం. టీ అంగట్లో వంటిల్లు ఒక్కటే ఉంటుంది. మడుగు దాకా ఎవరూ పోరు, కాళ్ళు తడుస్తాయని కాబోలు.

ఇంటికి తీసుకుపోయే పద్ధతి చెబుతాను, కాగితం ముక్క చాలు. నాలుగు గళ్ళు గీయండి. మందు వేసుకున్నవాళ్ళలో తగ్గినవాళ్ళు, తగ్గనివాళ్ళు. వేసుకోనివాళ్ళలో తగ్గినవాళ్ళు, తగ్గనివాళ్ళు. నాలుగూ నింపేదాకా నోరు మెదపకండి. మొదటి గడి నిండగానే నోరు దానంతటదే తెరుచుకోవడం జబ్బు లక్షణం.

డెంగీకి బొప్పాయి ఆకు రసం చూడండి. జ్వరం మొదలైన మూడు నుంచి ఏడు రోజుల మధ్య ప్లేట్‌లెట్లు పడతాయి, ఆ గండం దాటినవాళ్ళకు వాటంతట అవే పెరుగుతాయి. మరి ఆకు కోసం పరుగెత్తేది ఎప్పుడు? రిపోర్టులో అంకె అడుగుకు చేరిన రోజు. అడుగున ఉన్నది ఇక పైకే కదా పోవాలి. పోయింది. పేరు బొప్పాయికి వచ్చింది. కిడ్నీలో రాయికి కొండపిండి ఆకుదీ ఇదే వైభవం. అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్ళలో ఎక్కువ భాగం నీళ్ళు బాగా తాగితే అవే పడిపోతాయి. కామెర్లకు పసరు పోసేచోట క్యూ కట్టినవాళ్ళలో హెపటైటిస్ ఎ వచ్చినవాళ్ళకు పసరు పోసినా, పొయ్యకపోయినా కొన్ని వారాల్లో దాదాపు అందరికీ తగ్గుతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. మన ఊళ్ళో కాకికి సన్మానం కూడా చేస్తారు.

చదువుకున్నవాళ్ళు ఇక్కడ ముసిముసిగా నవ్వుతున్నారు, తెలుసు. మీకు 1960లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టిన పరీక్ష. 2, 4, 6. ఈ మూడు అంకెల వెనక ఒక నియమం ఉంది. మీరు ఏ మూడు అంకెలైనా చెప్పండి, నియమానికి సరిపోయిందో లేదో చెబుతారు. నమ్మకం కుదిరాక నియమమేదో మీరు చెప్పాలి. ఎక్కువమంది 8, 10, 12 అంటారు. అవును. 20, 22, 24. అవును. ఇంకేం, రెండేసి పెరిగే సరిసంఖ్యలని కాలరెగరేస్తారు. తప్పు. నియమం ఒక్కటే, అంకెలు పెరుగుతూ పోవాలి. 1, 2, 3 అని అడిగుంటే దానికీ అవుననే వచ్చి గుట్టు తెలిసేది. కానీ ‘కాదు’ అంటారనుకున్నది అడగడానికి నోరు రాదు. మీ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు కూడా రోజూ 8, 10, 12 అని అడుగుతూనే ఉంది. మీరు నమ్మేది తప్పయితే ఏం కనబడాలో ముందే రాసిపెట్టుకుని, దానికోసం వెతకండి. వెతకడానికి మనసు రాని విషయమేదో అక్కడే మీ పక్షపాతం కూర్చుని ఉంటుంది.

ఇంతదాకా నవ్వుకోవచ్చు. బీడీ తాతతో, బొప్పాయి తాతతో సరిపెట్టుకోవచ్చు. పాము మంత్రం తాత దగ్గర నవ్వు రాదు.

“మా తాత నూరు మందికి మంత్రమేసినాడు. ఒక్క ప్రాణం పోలేదు.” ఈ మాట చెనిక్కాయ చేలున్న ప్రతి ఊళ్ళోనూ వినబడుతుంది. అబద్ధం కాకపోవచ్చు కూడా. మన పాముల్లో ఎక్కువ జాతులకు మనిషిని చంపేంత విషమే లేదు. విషమున్న పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. అలాంటి కాటుకు మంత్రమేసినా, సినిమా పాట పాడినా మనిషి లేచి కూర్చుంటాడు. ఇక విషం ఎక్కినవాడి సంగతి. పరిస్థితి చెయ్యి దాటగానే తాత ఏమంటాడు? “నా వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకపోండి.” ఎత్తుకుపోతారు. అక్కడ పోతాడు. చావు ఆసుపత్రి లెక్కలో పడింది, తాత లెక్క నూటికి నూరు అలాగే నిలిచింది. మర్నాడు అదే ఊళ్ళో అంటారు, “చూసినారా, ఆసుపత్రికి పోయినోడే సచ్చినాడు.”

ఇది వాదంలో దోషం అనుకుని ఊరుకోవడానికి నాకు చేతకాదు. చావును ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మోసుకుపోవడం ఇది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు. వేపాకు నమిలించి, చేదు తెలిసింది గనుక విషం లేదని తీర్మానిస్తారు. తర్వాత కడుపునొప్పి. తర్వాత రెప్పలు వాలిపోతాయి. “విషం దిగతా ఉంది, నిద్ర పడతా ఉంది” అంటాడు మంత్రగాడు. అది నిద్ర కాదయ్యా! నరాల మాట కండరాలకు అందడం లేదు. ఆ వరసలో ఆగేది ఊపిరే. వెంటిలేటరు మీద పెడితే బతికే మనిషిని వసారాలో దుప్పటి కప్పి పడుకోబెడతారు, చుట్టూ కూర్చుని బాగా నిద్రపోతున్నాడని సంతోషిస్తారు. 2000 నుంచి 2019 వరకు ఈ దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు సుమారు 12 లక్షలని అంచనా, ఏడాదికి 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. వాళ్ళలో ఎవరి మనవడూ టీ అంగట్లో వేలంపాటకు రాడు.

కాటు పడితే కోయకండి, పీల్చకండి, తాడుతో బిగించి కట్టకండి. ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు వాపు రాకముందే తీసేయండి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్ద పెట్టి ఆ కాలో చెయ్యో కదలకుండా చేయండి. నడిపించకండి. కరిచిన వేళ గుర్తు పెట్టుకోండి, పామును వెతుకుతూ కూర్చోకండి. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దాన్ని పట్టడానికి ఆసుపత్రిలో 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే విషం ఎక్కినట్టే. విరుగుడు మందు సాధారణంగా 10 వయల్స్‌తో, అంటే చిన్న సీసాలతో, మొదలుపెడతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి, నాలుగింటికీ ఆ ఒక్క మందే.

మంత్రం కూడా ఉండాల్సిందేనని ఇంట్లో ముసలమ్మ పట్టుబడితే గొడవ పడి టైము పోగొట్టుకోకండి. 108లో ఎక్కి కూర్చున్నాక మంత్రగాడికి ఫోను కలిపి స్పీకరు పెట్టండి. దారి పొడుగునా వేయనివ్వండి. పేరు ఆయనకే రానివ్వండి, మనిషి మాత్రం ఇంటికి రావాలి.