భాస్వరం 'తొలగించబడినది'

మురుగునీటిని నిల్వ చేసి శుద్ధి చేసే జలాశయాల మీద రాసే ప్రతి నివేదికలోనూ ఆ వాక్యం ఉండి తీరుతుంది: "మురుగునీటి జలాశయంలో పోషకాలు సమర్థవంతంగా తొలగించబడినవి." తెలుగులో కర్మణి ప్రయోగం అంత బాగుండదని బళ్లో చెప్పారు. దాని అసలు ఉపయోగం ఆ పంతుళ్లకేం తెలుసు, పాపం! ఎవరు తొలగించారు, తీసి ఎక్కడ పెట్టారు అని ఎవరూ అడగకుండా నోరు నొక్కేస్తుంది.

ఆ పోషకాలంటే ముఖ్యంగా నత్రజని, భాస్వరం. నత్రజనిని వదిలేద్దాం. దానికి దారులున్నాయి. ఎండలో నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడును లాగేస్తుంటే మధ్యాహ్నానికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటగలదు. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 9.25 దగ్గర, నీళ్లలో నత్రజని ఉండే ఒక రూపమైన అమ్మోనియంలో సగం అమ్మోనియాగా మారి, గాల్లోకి ఎగరడానికి సిద్ధంగా ఉంటుంది. కొంత నైట్రేటుగా మారి, బ్యాక్టీరియా చేతిలో పడి, నత్రజని వాయువై పోతుంది. భాస్వరానికి ఆ రెక్కల్లేవు. వచ్చిందంటే నీళ్లలోనో, నాచులోనో, అడుగు మడ్డిలోనో ఉండాల్సిందే.

మరి నివేదికలో ఎలా మాయమైందంటారా? ఆ ఇంద్రజాలం దగ్గరుండి చూశాను. వేసవి, మధ్యాహ్నం రెండు గంటలు. గట్టు మీదనుంచి వంగి సీసాను పైపైన ముంచారు, జానెడు లోతు కూడా లేదు. కింద ఇంకా ఏడెనిమిది మీటర్ల నీళ్లున్నాయని ఆ సీసాకు ఎవరూ చెప్పలేదు. తెచ్చి వడపోత కాగితం మీద పోశారు. కాగితం చిలకపచ్చగా, జిగటగా తయారైంది. కింద తేటనీరు బొట్టుబొట్టుగా దిగింది. పరీక్ష తేటనీటికి, కాగితం చెత్తబుట్టకి. ఫాస్ఫేటు, అంటే నీళ్లలో కరిగిన భాస్వరం, లేనట్టే! శభాష్, తొలగించబడినది! జలాశయంలో కాదండీ, చెత్తబుట్టలో. వాగులోకి వదిలే నీళ్లను మాత్రం ఏ మహానుభావుడూ వడకట్టడు.

మడ్డిలో దిగినది కూడా బుద్ధిగా పడుండదు. అడుగున ఆక్సిజన్ అయిపోగానే, మడ్డిలో దాన్ని పట్టి ఉంచిన ఇనుము తన పట్టు వదిలేస్తుంది, భాస్వరం నీళ్లలోకి జారుకుంటుంది. చలికాలం పైనీరు చల్లబడి, బరువెక్కి కిందికి దిగితే అడుగునీరు పైకొస్తుంది. ఆ రోజు సీసాకి సెలవు. స్వీడన్‌లోని ట్రుమ్మెన్ సరస్సుకి మురుగునీరు 1950ల చివర ఆపేశారు. అయినా బాగుపడలేదు. చివరికి 1970, 71లలో అడుగు బురద తోడాల్సి వచ్చింది. 'తొలగించబడిన' సరుకు అక్కడే కాపురం పెట్టింది మరి.

మధ్యాహ్నం సీసాలో ఆక్సిజన్ పుష్కలమట! తెల్లవారుజామున నాలుగింటికి రండయ్యా, ఒక్కసారి! పగలు ఇచ్చిందంతా రాత్రి ఆ నాచే పీల్చేసుకుంటే దిగువ వాగులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. తెల్లారేసరికి వెల్లకిలా తేలతాయి. వాటిని కూడా 'తొలగించబడినవి' అని రాస్తారా? సిగ్గుండక్కర్లేదూ? లోపలికి ఎన్ని కిలోల భాస్వరం వచ్చింది, బయటికి ఎన్ని పోయింది, మడ్డిలో ఎంతుంది, ఈ మూడూ రాయడానికి మీకు ఏం రోగం?

అది చేతకాకపోతే ఆ పచ్చ కాగితాన్ని బుట్టలోంచి తీసి నివేదికకి పిన్ను కొట్టండి.