వైరస్ పోయినా పరీక్షలు మానకూడదు

హిమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్నవారిలో, కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ వ్యాధి హెపటైటిస్-సి ఇప్పుడు మాత్రలతోనే నయమవుతోందని వ్యాసకర్త రాసినది నిజమే. వేలమంది దాతల ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) కలిపి, రక్తం గడ్డకట్టేందుకు తయారుచేసిన ఫ్యాక్టర్ మందుల వల్ల, 1980ల మధ్యలో వేడితో వైరస్‌ను నిర్జీవం చేసే పద్ధతి స్థిరపడేంతవరకు, బ్రిటన్‌లో ఎందరో ఈ వ్యాధి బారిన పడ్డారు. వారిలో చాలామంది నెలల తరబడి అప్పటి చికిత్స అయిన ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు తీసుకుని, జ్వరాలతో, మానసిక కుంగుబాటుతో నలిగిపోయి కూడా వైరస్‌ను వదిలించుకోలేకపోయారు. సోఫోస్‌బువిర్ వంటి ఈ కొత్త మాత్రలతో సాధారణంగా 8 నుంచి 12 వారాల్లోనే నూటికి 95 మందికి నయమవుతోంది. అయితే ఒక విషయం వ్యాసంలో చెప్పి ఉండవలసింది. అప్పటికే సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) వచ్చినవారికి వైరస్ పోయినా కాలేయ క్యాన్సర్ ముప్పు మిగిలే ఉంటుంది కనుక, 6 నెలలకొకసారి అల్ట్రాసౌండ్ తప్పక చేయించుకోవాలి. రక్తస్రావ భయంతో బయాప్సీకి (సూదితో కాలేయం ముక్క తీసి చేసే పరీక్షకు) వెనుకాడే హిమోఫీలియా రోగులకు, సూది గుచ్చకుండానే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ నిజంగా పెద్ద ఊరట.