ఆ గోడ కట్టించింది నేనే

ఈసారి షికాగోలో మన ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యీ కాకముందే, పచ్చడి చేదు ఇంకా నాలుక మీదుండగానే, ఊళ్ళోని ఆస్తుల మీద సెమినార్ పెట్టారు. "కంచెల కాలం పోయింది, గోడ కట్టేయండి. పక్కచేను వాణ్ణి మాత్రం నమ్మకండి" అన్నాడు మాట్లాడినాయన. హాలంతా చప్పట్లు. మా ఆవిడ నా వైపు అదోలా చూసింది.

చంద్రగిరి దగ్గర మాకు రెండెకరాల మామిడితోట. నాన్న కాలంలో మూడు పక్కల రాతి కూసాలు, ముళ్ళతీగ. వాగు వైపు కిత్తనార ముళ్ళమొక్కల వరస, సందుల్లో తుమ్మకంప. ఏటా కార్తీకం వానలకి నాలుగైదు కూసాలు ఒరిగేవి. నేల ఆరేదాకా ఆగి, పక్కచేను మామ గడ్డపారతో గుంత తీసి, కూసం నిలబెట్టి, చుట్టూ రాళ్ళు దట్టించి మడమతో తొక్కేవాడు. నాన్న తీగ లాగి పట్టుకునేవాడు. తర్వాత ఇద్దరికీ ఒకే చెంబు మజ్జిగ. (గట్టు తగాదాతో రెండేళ్ళు మాటల్లేనప్పుడు కూడా ఈ పని కలిసే చేశారు, మూగవాళ్ళలా.)

2019లో నేను ఇక్కడినుంచే ఫోన్లో బేరమాడి, ఆరడుగుల ప్రీకాస్ట్ గోడ, అంటే ముందే పోసిన సిమెంటు పలకల గోడ, పెట్టించాను. కిత్తనారను జేసీబీతో పీకించాను. మామ ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "వాగు పక్క కూడా మూసేస్తే నీళ్ళు యాడికి పోవల్ల నైనా?" మన జాగా మీద కన్నేశాడనుకున్నాను.

2021 నవంబరు, కార్తీక పౌర్ణమి. స్వర్ణముఖి నది పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. మా తోటలోకి దిగిన నీళ్ళు గోడకి ఆనుకుని నిలిచిపోయి, వెనక్కి తన్ని మామ వరిమడిని ముంచాయి. తెల్లారేసరికి వాగు వైపు గోడ పలకలు పలకలుగా పడిపోయింది. కిత్తనార ఉండుంటే నీళ్ళు సందుల్లోంచి జారిపోయేవి.

ఇక్కడ షికాగోలో చలికి నేల ఉబ్బి కంచె గుంజల్ని పైకి తంతుందని 42 అంగుళాల లోతు లెక్క చూసుకుంటాం. అక్కడి వాన గురించి మాత్రం ఎవర్నీ అడగం.

కబ్జాలు లేవని నేననను. మా బావ ప్లాటు సగం ఇంకా కోర్టులోనే ఉంది. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, సర్వే చేయించి హద్దురాళ్ళు వేయించండి. గోడ ఉన్నంత మాత్రాన స్థలం మనదని ఏ కోర్టూ అనదు.

మా తోటకి మళ్ళీ కూసాలే పాతించాను. వాగు పక్కన కిత్తనార పిలకలు మోకాలెత్తు వచ్చాయి. పాతింది మామ కొడుకు. కూలి తీసుకున్నాడు, సంతోషంగా ఇచ్చాను.

కమిటీవారికి ఒక్క మనవి. వచ్చే ఉగాదికి ఈ సెమినారే పెడితే, పక్కచేను వాణ్ణి కూడా ఒకణ్ణి వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. మామ నంబరు నేనిస్తాను. ఈమధ్య చెవుడొచ్చింది, కాస్త గట్టిగా అడగాలి.