సవరణ: చెవిలో మోతకు శబ్ద చికిత్స, వాల్యూమ్ సంగతి

టిన్నిటస్ (బయట చప్పుడేమీ లేకున్నా చెవిలో మోత వినబడటం) ఉన్నవాళ్లు రాత్రిళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, చెవిలో మోత పూర్తిగా మునిగిపోయేదాకా వాన చప్పుడో వైట్ నాయిసో (ఒకే తీరుగా సాగే హుష్‌మనే చప్పుడు) పెంచుకోవచ్చని, దానివల్ల నష్టమేమీ లేదని ఇంతకుముందు రాశాను. అది తప్పు.

చప్పుడు మోతకంటే కాస్త తక్కువలోనే ఉండాలి, రెండూ వినబడుతుండాలి. మోతను పట్టించుకోకపోవడం మెదడుకు అలవాటు కావాలంటే ముందు అది మెదడుకు అందాలి కదా! శాస్త్రవేత్త యాస్ట్రెబాఫ్ రూపొందించిన రీట్రైనింగ్ థెరపీకి, అంటే మోతను పట్టించుకోకపోవడం మెదడుకు నేర్పే చికిత్సకు, మూలం ఇదే.

ఇక నష్టం మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లు చెవికి హాని లేకుండా వినగలిగేది, చప్పుడు 80 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే. రాత్రికి ఆరు గంటలు చొప్పున వింటే వారానికి 42 అవుతాయి. పగలు ఫోన్లో వినేది, ట్రాఫిక్ హోరు దీనికి అదనం. మోత ఉన్న చాలామందికి వినికిడి అప్పటికే కొంత తగ్గి ఉంటుంది, కాబట్టి ఎంత గట్టిగా పెట్టారో వాళ్లకే తెలియదు. నన్నడిగితే ఇయర్‌ఫోన్స్ పక్కనపెట్టి ఫ్యాన్ చప్పుడో, మంచానికి దూరంగా చిన్న స్పీకరో చాలు. మామూలు చప్పుళ్లకే చెవి నొప్పిపుట్టేవాళ్లు ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ని) అడగకుండా మొదలుపెట్టొద్దు.

శబ్ద చికిత్సతో మోత "తప్పక తగ్గుతుంది" అని నేను రాసిన మాటా వెనక్కి తీసుకుంటున్నాను. ఏ పరికరమూ వాడకపోవడం కంటే శబ్ద చికిత్స మెరుగని చెప్పే ఆధారం వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్షకు దొరకలేదు. కొందరికి ఊరట ఉంటుంది, అంతే.

ఒక్క చెవిలోనే మోగినా, నాడితోపాటు కొట్టుకున్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే అదే రోజు వెళ్లండి.