అలుగుకు జాలీ బిగించిన సరస్సు

చెరువు కింద సేద్యం చేసిన రైతును కట్ట ఎలా ఉందని అడిగితే మూడు సంగతులు చూసి చెబుతాడు. కట్ట ఎక్కడైనా కుంగిందా, అడుగు నుంచి నీళ్లు వదిలే తూము తెరుచుకుంటోందా, అలుగుకు ఏదైనా అడ్డం ఉందా. తెలంగాణలో ఆ అలుగునే మత్తడి అంటారు. చెరువు నిండాక మిగిలిన నీళ్లు కట్ట మీదుగా కాకుండా పక్క నుంచి పోవాలి, అంతే దాని పని. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే అవతలి వాలు కోసుకుపోతుంది. ఆ కోత పైకి పాకి గండి పడుతుంది. అప్పుడిక చేయగలిగింది ఏమీ ఉండదు.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1889 మే 31న సరిగ్గా ఇదే జరిగింది. సౌత్‌ఫోర్క్ డ్యామ్ ఎత్తు 72 అడుగులు, పొడవు 931 అడుగులు. పడవల కాలువకు నీళ్ల కోసం ప్రభుత్వం కట్టించింది. రైళ్లు వచ్చాక కాలువ మూలపడి, డ్యామ్ చేతులు మారింది. 1875లో కొన్న యజమాని అడుగున ఉన్న ఇనుప గొట్టాలను పీకించి తుక్కు కింద అమ్మేశాడు. అంటే తూము పోయినట్టే. 1879 తర్వాత అది సౌత్‌ఫోర్క్ ఫిషింగ్ అండ్ హంటింగ్ క్లబ్ చేతికి వచ్చింది. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ క్లే ఫ్రిక్, ఆండ్రూ మెలన్ లాంటి పిట్స్‌బర్గ్ సంపన్నులు అందులో సభ్యులు. వేసవిలో పడవ షికారుకు, చేపల వేటకు వాళ్లకో సరస్సు కావాలి.

కట్టకు అంతకుముందే పడి ఉన్న గండిని క్లబ్బు వాళ్లు మట్టి, రాళ్లు, కొమ్మలు, గడ్డితో పూడ్చారు. గొట్టాలు మాత్రం మళ్లీ వేయలేదు. గుర్రపు బండ్లు ఎదురుపడినా తప్పుకునేంత వెడల్పు దారి కోసం కట్ట తలను కాస్త దించారు. డబ్బు పెట్టి తెచ్చి వదిలిన చేపలు జారిపోకుండా అలుగుకు ఇనుప జాలీలు బిగించారు.

ఆ జాలీల దగ్గర కాసేపు ఆగాలి. మామూలు రోజుల్లో వాటి గుండా నీళ్లు హాయిగా పోతాయి. పెద్ద వాన పడితే ఏటితో పాటు కొమ్మలు, దుంగలు, చెత్త కొట్టుకొచ్చి అక్కడే చిక్కుకుంటాయి. అంటే అలుగు అవసరం ఎక్కువయ్యే గంటలోనే అది మూసుకుపోతుంది. ఆ రోజు ఉదయం కూలీలు వానలో నిలబడి ఆ చెత్త లాగుతూనే ఉన్నారు. ఇంకొందరు కట్ట మీద మట్టి పోశారు, రెండో వైపు కొత్త కాలువ తవ్వబోయారు. క్లబ్బు యువ ఇంజనీరు గుర్రం మీద కిందికి పరుగెత్తి, టెలిగ్రాఫ్‌లో హెచ్చరిక పంపమన్నాడు. కానీ డ్యామ్ తెగుతుందన్న మాట కింద లోయలో ఉన్న జాన్స్‌టౌన్ ఊరు ఏళ్ల తరబడి వింటూనే ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో కట్ట తెగింది. దాదాపు అర టీఎంసీ నీళ్లు 14 మైళ్ల లోయలో ఉరికి, గంట లోపే ఊరి మీద పడ్డాయి. 2,209 మంది చనిపోయారు. 99 కుటుంబాల్లో ఒక్కరూ మిగల్లేదు. 777 మంది ఎవరో కూడా తెలియలేదు.

క్లబ్బు వాళ్లు ఎవరి చావూ కోరలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. సాగునీటి చెరువు ఏటా నిండుతుంది, ఎండుతుంది. ఎండినప్పుడు కట్ట లోపలి వాలు కూడా కంటికి కనిపిస్తుంది. దాన్ని చూసుకోవడానికి ఊరికో నీరటి ఉండేవాడు. షికారు సరస్సుకు నిండుగా ఉండడమే అందం. నీళ్లు తగ్గించాలన్న ఆలోచనే రాదు కాబట్టి తూము లేకపోయినా లోటు తెలియదు. అలుగు వైపు ఎవరి చూపూ పోదు.

నూటపదిహేడేళ్లు గడిచినా ఈ తీరు మారలేదు. 2006 మార్చి 14న హవాయిలోని కవాయి దీవిలో కా లోకో డ్యామ్ తెగి ఏడుగురు చనిపోయారు. ఒకప్పటి చెరకు తోటల చెరువు, తర్వాత ప్రైవేటు ఆస్తి. అందులోని నీళ్లు సుమారు టీఎంసీలో ఇరవయ్యో వంతు, అంతే. నేల చదును చేయించినప్పుడు అలుగును పూడ్చేశారన్నది ప్రధాన ఆరోపణ. తనిఖీ చేయాల్సిన రాష్ట్ర ప్రభుత్వం కూడా అది చేయలేదు. యజమానికి 2014లో ఏడు నెలల జైలు శిక్ష పడింది. జాన్స్‌టౌన్ విషయంలో అదీ లేదు. అంతా దైవాధీనం అన్న వాదనే కోర్టుల్లో నెగ్గింది.

మన దగ్గర డ్యామ్ భద్రత చట్టం 2021లో వచ్చింది. అది 15 మీటర్లు దాటిన డ్యామ్‌లకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల మధ్య వాటికి వర్తిస్తుంది. ఫామ్‌హౌస్‌లో అందం కోసం వాగుకు అడ్డంగా పోసిన ఆరేడు మీటర్ల కట్ట దీని కిందికి రాదు. ఆ కట్ట కింద ఇళ్లు ఉండవచ్చు, బడి ఉండవచ్చు, మన గొలుసుకట్టు పద్ధతిలో ఇంకో చెరువూ ఉండవచ్చు. పై కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి. అందుకే ఎత్తు ఒక్కటే కొలమానం కాకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కింద ఎవరున్నారన్నది లెక్కలోకి రావాలి. ప్రైవేటు కట్టల జాబితా దిగువ పంచాయతీ చేతిలో ఉండాలి. వానాకాలానికి ముందు లోపలికి వెళ్లి అలుగు, తూము చూసే హక్కు ఆ ఊరికి ఉండాలి.

జాన్స్‌టౌన్‌కు ఆ హక్కు లేదు. అక్కడి ఉక్కు కంపెనీ అధిపతి డేనియల్ మొరెల్ 1880లోనే తన ఇంజనీరును పంపి డ్యామ్ చూపించారు. నీళ్లు దించే గొట్టాలు లేవని, మరమ్మతు సరిగా లేదని ఇంజనీరు రాసిచ్చారు. ఖర్చులో కొంత మేమూ భరిస్తామని మొరెల్ క్లబ్బుకు ఉత్తరం రాశారు. మా వల్ల మీకు ఏ ప్రమాదమూ లేదని జవాబు వచ్చింది. తర్వాత ఆయనే ఆ క్లబ్బులో సభ్యుడయ్యారు. 1885లో ఆయన చనిపోయే నాటికి కూడా జాలీలు అలుగుకే ఉన్నాయి.