కలంకారీలో అచ్చు సగమే

కలంకారీ చీర కొనేవాళ్లు ఈమధ్య ముందుగా అడిగేది ఒకటే: ‘ఇది స్క్రీన్ ప్రింటా, చేత్తో అద్దిందా?’ అడగడం మంచిదే. కానీ పెడన, మచిలీపట్నం పనితనం ఆ ఒక్క ప్రశ్నతో తేలదు. టేకు అచ్చుతోనే అద్దినా, వాడింది డబ్బాలో వచ్చే పిగ్మెంట్ రంగైతే అది చేతిపని అవుతుంది గానీ పాత పద్ధతి కలంకారీ కాదు.

ఎందుకంటే ఆ పద్ధతిలో అచ్చుతో అద్దేది నేరుగా రంగు కాదు, గుడ్డకు రంగు పట్టించే నీళ్లు. ముందు గంజి వదలగొట్టిన నూలు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిం తయారవుతుంది. దాంట్లో ముంచిన అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్కటి వేస్తారు. కరక్కాయ వగరు తగలగానే ఆ గీత నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట అద్దేది మాత్రం పటిక నీళ్లే. పటికకు రంగుండదు కాబట్టి, ఎక్కడ అద్దామో కనపడేందుకు అందులో ఏదో ఒక రంగు కాస్త కలుపుతారు. అది ఉతుకులో పోతుంది.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఆరిన గుడ్డను పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లలో ముంచితే వదిలిన పటిక పక్కకు పాకుతుంది, ఉడకబెట్టాక అక్కడా ఎర్ర మరకే. అందుకే ఈ పని కాలవల పక్కన పెరిగింది. జాడించిన గుడ్డను రాగి పాత్రలో రంగు వేసి మరిగిస్తే, పటిక పడ్డ చోట ఎరుపు తేలుతుంది.

ఆ ఎరుపు కోసం ఇప్పుడు ఎక్కువగా వాడేది ల్యాబ్‌లో తయారైన అలిజరిన్ అనే రంగు. సహజ రంగుల అభిమానులకు ఇది నచ్చదు. కానీ ఒకప్పుడు ఈ తీరంలో తవ్విన చిరివేరు అనే మొక్క వేళ్లలో ఎరుపునిచ్చేదీ అలిజరినే. 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు దాన్ని ల్యాబ్‌లో తయారు చేశారు. కాబట్టి అలిజరిన్ వాడటంలో నాకు తప్పేమీ కనిపించదు. వాడి కూడా ‘నూటికి నూరు శాతం సహజం’ అని చీటీ అంటించడమే తప్పు.

మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. అయినా షాపులో నిలబడ్డ కొనుగోలుదారుకు దానివల్ల ఒరిగేది తక్కువ. డిజైన్‌ను స్క్రీన్ మీదికి ఎక్కించడం ఎంతసేపు? జాడింపు, ఎండ, ఉడకబెట్టడం కలిపి రోజులు పట్టే గుడ్డ, స్క్రీన్ గుడ్డతో ధరలో పోటీపడలేదు. మబ్బు పడితే పనే ఆగిపోతుంది. అచ్చా స్క్రీనా, ఉడకబెట్టిన రంగా పిగ్మెంటా, చెట్టు రంగా ల్యాబ్ రంగా అన్న మూడు సంగతులూ చీటీ మీద రాయడం తప్పనిసరి చేయాలి.

దానికంటే ముందు నీళ్ల సంగతి చూడాలి. జాడించడానికి శుభ్రమైన పారే నీరు కావాలి, వాడిన రంగునీళ్లను శుద్ధి చేయకుండా కాలవలోకి వదలకూడదు. చిన్న కార్ఖానా సొంతంగా ఈ రెండూ భరించలేదు. పెడనలో ఉమ్మడి జాడింపు తొట్లు, శుద్ధి ప్లాంటు ప్రభుత్వమే కట్టి నడపాలి. ఎగ్జిబిషన్ స్టాళ్లకు పెట్టే ఖర్చు ముందు దీనికి పెట్టాలి.